సైటు పడగొట్టి డబ్బడిగితే: బెజవాడ, గుంటూరు వాళ్ళు నన్నడిగే ప్రశ్నలు

గవర్నర్‌పేటలో చిన్న ఆఫీసు పెట్టుకుని 11 ఏళ్ళుగా సైట్లు, సర్వర్లు చూసుకుంటున్నాను. పచ్చళ్ళు అమ్మేవాళ్ళు, ల్యాబ్ రిపోర్టులు ఆన్‌లైన్‌లో ఇచ్చేవాళ్ళు, పిల్లలకి మాక్ టెస్టులు పెట్టేవాళ్ళు, బస్సు టికెట్లు అమ్మేవాళ్ళు నా దగ్గరకి వస్తుంటారు. వాళ్ళలో కొందరు ఫోన్ చేసి గొంతు తగ్గించి ఒకటే మాట చెబుతారు: "సైటు పడిపోయిందండీ, ఎవరో డబ్బడుగుతున్నారు, దయచేసి ఎవరికీ చెప్పకండి." ఆ చివరి మాట వినగానే నాకు దిగులేస్తుంది. బెదిరించేవాడికి కావలసింది సరిగ్గా ఆ మౌనమే. అందుకని ఇన్నేళ్ళలో జనం నన్నడిగినవి, నేను చెప్పినవి ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

మా సైటు తెరుచుకోవడం లేదు. దాడేనని ఎలా తెలుస్తుంది?

ముందు మామూలు కారణాలు చూడండి. డొమైన్ రెన్యూవల్ మర్చిపోయారా? ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ గడువు దాటిందా? సర్వర్‌లో డిస్కు నిండిపోయిందా? నిన్న రాత్రి డెవలపర్ ఏదైనా మార్చాడా? దాడి జరుగుతోందని కంగారుగా వచ్చిన ఫోన్లలో చాలావాటికి తీరా చూస్తే డిస్కు నిండడమే కారణం.

అవేవీ కాకపోతే వచ్చింది నిజంగా కొనేవాళ్ళా కాదా అని చూడాలి. దసరాల్లో మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి మీద క్యూలు గుర్తు తెచ్చుకోండి. గంటలు పడుతుంది, ఊపిరాడదు, అయినా అక్కడున్న ప్రతివాళ్ళూ అమ్మవారి కోసం వచ్చినవాళ్ళే. దర్శనం చేసుకుంటారు, ప్రసాదం తీసుకుంటారు, దిగిపోతారు. లైను మెల్లగానైనా కదులుతుంది. అదే క్యూలోకి దర్శనం అక్కర్లేని వేలమందిని తోలి, కౌంటరు దగ్గర కదలకుండా నిలబడమంటే భక్తులు కొండ కిందే ఆగిపోతారు.

సర్వర్ లాగ్‌లో, అంటే ఎవరు ఎప్పుడు ఏ పేజీ అడిగారో సర్వర్ రాసుకునే చిట్టాలో, ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. నిజమైన జనం హోం పేజీకి వస్తారు, బొమ్మలు లోడ్ అవుతాయి, ఒకరు ఆవకాయ చూస్తారు, ఒకరు గోంగూర చూస్తారు, కొందరు కార్టులో వేస్తారు. దాడిలో వేల ఐపీ అడ్రసుల (ఇంటర్నెట్‌లో ఒక్కో మెషీన్‌కి ఉండే నంబర్ల) నుంచి ఒకే పేజీని అడుగుతుంటారు. అది ఎక్కువగా సెర్చ్ పేజీయో, లాగిన్ పేజీయో అయి ఉంటుంది. బొమ్మ ఒక్కటీ లోడ్ కాదు, ఆర్డరు ఒక్కటీ పడదు. మీరు ఎన్నడూ సరుకు పంపని దేశాల నుంచి అర్ధరాత్రి ఒకే తూకంలో రిక్వెస్టులు పడుతుంటే ఇక అనుమానం అక్కర్లేదు.

ఇంటర్ ఫలితాల రోజు కాలేజీ సైటు పడిపోతే మాత్రం దాన్ని దాడి అనకండి. అది సర్వరు చాలకపోవడం.

డీడాస్ అంటే హ్యాకింగేనా? మా డేటా పోయినట్టేనా?

కాదు. తాళం పగలగొట్టి లోపలికి రావడం వేరు, గుమ్మానికి అడ్డంగా నిలబడి ఎవర్నీ రానివ్వకపోవడం వేరు. డీడాస్, అంటే ఎన్నో మెషీన్లతో ఒకేసారి రద్దీ పెట్టి సైటు అందకుండా చేయడం, రెండో రకం. మీ డేటా ఉన్నచోటే ఉంటుంది, దాని దగ్గరకి మీ కస్టమరు చేరలేడు, అంతే.

అడ్డం పెట్టే పద్ధతులు స్థూలంగా మూడు. మొదటిది దారి నింపేయడం. మీ సర్వరుకి వచ్చే లైను ఒక గిగాబిట్ అయితే దాంట్లోకి పది గిగాబిట్ల చెత్త పంపుతారు. రెండోది మాట మొదలుపెట్టి మధ్యలో వదిలేయడం. "హలో" అన్న ప్రతివాడి కోసం సర్వరు ఒక సీటు పట్టి ఉంచుతుంది. హలో అని, ఆ తర్వాత పలకకుండా ఊరుకునేవాళ్ళు లక్షల్లో వస్తే సీట్లు అయిపోతాయి. 1996 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని పానిక్స్ అనే ఇంటర్నెట్ కంపెనీని రోజుల తరబడి ఇబ్బంది పెట్టింది ఈ రకమే. మూడోది పని పెంచడం. ట్రాఫిక్ కొంచెమే ఉంటుంది, కానీ ప్రతి రిక్వెస్టూ డేటాబేస్ మొత్తాన్ని వెతికించే రకం. మన చిన్న సైట్ల దగ్గర నేను ఎక్కువగా చూసేది ఈ మూడోదే. దీనికి పెద్ద బలగం కూడా అక్కర్లేదు.

దారి నింపే దాడిలో ఒక ఎత్తుగడ ఉంది, అది తెలియాలి. గుంటూరు మిర్చి యార్డులో వందమంది కమీషన్ ఏజెంట్లకి ఎవడో మీ పేరు చెప్పి ఫోన్ చేసి, "మా గోడౌనుకి సరుకు పంపండి" అన్నాడనుకోండి. వాడికయ్యింది వంద ఫోన్ కాల్స్. మీ వీధిలో దిగేది వంద లారీలు. ఇంటర్నెట్‌లోనూ అంతే. మీ ఐపీ అడ్రసు దొంగగా వేసుకుని, ఎక్కడెక్కడో తెరిచి పెట్టి ఉన్న సర్వర్లకి చిన్న ప్రశ్న పంపుతారు, అవి పెద్ద జవాబు మీకు పంపుతాయి. మెమ్‌క్యాష్‌డ్ అనే సాఫ్ట్‌వేరు విషయంలో ప్రశ్న కన్నా జవాబు 51,000 రెట్ల వరకు పెద్దదవుతుంది. 2018 ఫిబ్రవరి 28న, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటు మీద సెకనుకి 1.35 టెరాబిట్లు కుమ్మరించింది ఇలాగే.

మా సర్వర్‌లో ఫైర్‌వాల్ ఉంది, అది చాలని డెవలపర్ అన్నాడు. చాలదా?

మూడో రకానికి కొంతవరకు పనికొస్తుంది. మొదటి రకానికి అసలు పనికిరాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌లో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చినప్పుడు మా బంధువుల ఇల్లూ అందులో ఉంది. వీధి నిండా నీళ్ళుండగా ఇంట్లో మోటారు పెట్టి తోడితే ఆ నీళ్ళు ఎక్కడ పోస్తాం? పైన గండ్లు పూడ్చాకే కింద నీళ్ళు తీశాయి. మీ సర్వర్ ఫైర్‌వాల్ ఇంట్లో మోటారులాంటిది. చెత్త అక్కడిదాకా చేరిందంటే లైను అప్పటికే నిండిపోయి ఉంటుంది. ఆపేదేదో పైన ఆపాలి, అంటే మీ హోస్టింగ్ వాళ్ళ నెట్‌వర్క్‌లోనో, మీ సైటుకి ముందు నిలబడి వచ్చేవాళ్ళని తనే అందుకునే, ప్రపంచమంతా సర్వర్లున్న సీడీఎన్ అనే నెట్‌వర్క్ దగ్గరో. గిట్‌హబ్ అంత దాడిలోంచి పది నిమిషాల్లో తేరుకుందంటే, ట్రాఫిక్ అంతటినీ దాన్ని వడకట్టగల పెద్ద నెట్‌వర్క్‌కి మళ్ళించడం వల్లే.

ఎవరు చేస్తారివి? మాలాంటి చిన్నవాళ్ళతో వాళ్ళకేం పని?

చిన్నవాళ్ళయితే భయపడి త్వరగా కట్టేస్తారని వాళ్ళ లెక్క. పెద్ద కంపెనీకి సెక్యూరిటీ టీం ఉంటుంది. మీకు ఉన్నది నేనో, నాలాంటి ఇంకొకరో.

దీనికి పెద్ద తెలివి కూడా అక్కర్లేదు. 2000 ఫిబ్రవరిలో యాహూ, ఈబే, అమెజాన్, సీఎన్ఎన్ సైట్లని వరసగా పడగొట్టింది కెనడాలో 15 ఏళ్ళ కుర్రాడు. ఇప్పుడైతే దాడిని అద్దెకిచ్చే సైట్లున్నాయి. వెబ్‌స్ట్రెసర్ అనే అలాంటి దాన్ని 2018 ఏప్రిల్‌లో యూరప్ దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్, పలు దేశాల పోలీసులు కలిసి మూయించారు. అప్పటికి అందులో 1,36,000 మందికి పైగా ఖాతాలున్నాయి, నెలకి 15 యూరోలిస్తే చాలు. ఇంటిల్లిపాదీ ఒకపూట హోటల్లో భోంచేసే ఖర్చు కన్నా పెద్ద మొత్తమేం కాదు. అందుకే చేసినవాడు ఎక్కడో రష్యాలో ఉండనక్కర్లేదు. పనిలోంచి తీసేసిన మనిషి కావచ్చు, పోటీ వ్యాపారి కావచ్చు, పరీక్ష వాయిదా పడితే బాగుండుననుకున్న విద్యార్థి కావచ్చు.

ఇందులో మన వంతు కూడా ఉంది, అది చెప్పకుండా ఉండలేను. 2016లో మిరాయ్ అనే బాట్‌నెట్ (యజమానికి తెలియకుండా ఇంకొకడి చెప్పుచేతల్లోకి పోయిన మెషీన్ల గుంపు) వచ్చింది. అది చేసిందల్లా ఫ్యాక్టరీలో పెట్టిన 60 చిల్లర యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలతో ఇంటర్నెట్‌లో దొరికిన ప్రతి సీసీ కెమెరా తలుపూ, రౌటర్ తలుపూ తట్టి చూడటం. లక్షల్లో తెరుచుకున్నాయి. ఆ ఏడాది అక్టోబరు 21న వాటితోనే డైన్ అనే డీఎన్ఎస్ కంపెనీని (సైటు పేరు చెబితే దాని ఐపీ అడ్రసు చూపించే సేవ) కొడితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్‌లాంటివి అమెరికాలో గంటల తరబడి అందలేదు. బీసెంట్ రోడ్డులో ఏ షాపులోకి వెళ్ళినా గోడమీద కెమెరా, మూల ఒక డీవీఆర్ డబ్బా ఉంటాయి. బిగించి వెళ్ళిన అబ్బాయి పెట్టిన "అడ్మిన్, 12345" ఈనాటికీ అలాగే ఉంటుంది. దయచేసి ఇవాళే మార్చండి. ఫోన్లో చూసుకునే అవసరం లేకపోతే ఆ డబ్బాని ఇంటర్నెట్‌కి కలపనే వద్దు.

డబ్బు కట్టకపోతే సైటు పడగొడతామని మెయిలొచ్చింది. నిజమేనా, ఉత్తుత్తిదా?

రెండూ ఉంటాయి. 2016లో అర్మడా కలెక్టివ్ పేరుతో వందకు పైగా వ్యాపారాలకి ఇలాంటి మెయిళ్ళు వెళ్ళాయి. ఆ పేరు అంతకు ముందు ఏడాది నిజంగా దాడులు చేసిన ముఠాది, దాన్ని వేరేవాళ్ళు వాడుకున్నారు. సీడీఎన్ నడిపే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ విచారిస్తే తేలిందేమిటంటే, బెదిరించారే గానీ ఒక్క దాడీ జరగలేదు. ఇంకో సంగతి కూడా బయటపడింది. చాలామందికి పంపిన బిట్‌కాయిన్ అడ్రసు ఒకటే. అంటే ఎవరు కట్టారో, ఎవరు కట్టలేదో ఆ పంపినవాడికే తెలిసే దారి లేదు! అయినా కొందరు కట్టారు.

మెయిల్ చూసి నేను గమనించేవి ఇవి. మీ సైటు పేరు, సర్వర్ ఐపీ అందులో ఉన్నాయా? ఫలానా టైముకి చిన్న నమూనా చూపిస్తామని అన్నారా, ఆ టైముకి లాగ్‌లో నిజంగా ఏమైనా కనబడిందా? నమూనా కనబడితే పని మొదలుపెట్టాలి. కనబడకపోయినా మెయిల్ చెరిపేయకండి, హెడర్లతో (మెయిల్ ఏ దారిన వచ్చిందో చెప్పే వివరాలతో) సహా దాచండి. ఏ రకమైనా సరే, జవాబు మాత్రం ఇవ్వకండి. "కొంచెం తగ్గించండి" అని బేరమాడారంటే కట్టేవాళ్ళని చెప్పినట్టే.

అడిగింది పెద్ద మొత్తమేం కాదు. కట్టేస్తే గొడవ వదిలిపోదా?

ఇది అందరూ అడిగే ప్రశ్న. దీనికి కాస్త వివరంగా చెప్పాలి.

గుంటూరు అరండల్‌పేటలో ఈఏపీసెట్ పిల్లలకి ఆన్‌లైన్ మాక్ టెస్టులు పెట్టే ఒకాయన ఉన్నారు. ఒక ఆదివారం పొద్దున 9 గంటలకి టెస్టు, 8:50కి సైటు పడిపోయింది. ముందురోజే మెయిలొచ్చిందట, చూడలేదు. క్రిప్టోలో కట్టమన్నారు, మన డబ్బుల్లో అరవై వేలు. ఆయన నాకు చెప్పలేదు. పరువు పోతుందని ఇంట్లో కూడా చెప్పలేదు. మేనల్లుడి ఖాతాలోంచి కట్టించేశారు. గంటలో దాడి ఆగింది, పీడ విరగడైందనుకున్నారు. రెండు వారాలకి మళ్ళీ ఆదివారం, మళ్ళీ అదే టైము, ఈసారి రేటు రెట్టింపు. అప్పుడు నాకు ఫోన్ చేశారు. గొంతు వణుకుతోంది.

ఎందుకొచ్చాడు మళ్ళీ? రాకుండా ఎందుకుంటాడు? డబ్బు కట్టి మీరు కొన్నది ఏమీ లేదు. మీ సర్వర్‌లో ఏ లోపం ఉందో అది అలాగే ఉంది. వాడికి దాడి చేసే ఖర్చూ అంతే ఉంది. మారిందల్లా ఒక్కటే, ఈ నంబరుకి ఫోన్ చేస్తే డబ్బులొస్తాయని వాడికి తెలిసింది. ఆ సంగతి వాడు ఇంకొకడికి అమ్ముకోగలడు కూడా. బజారులో మామూళ్ళు ఇచ్చి చూసిన షాపువాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు.

పెద్దవాళ్ళకీ ఇదే అనుభవమైంది. 2015 నవంబరులో స్విట్జర్లాండ్‌లోని ప్రోటాన్‌మెయిల్ అనే ఈమెయిల్ కంపెనీ మీద దాడి జరిగితే, అదే లైను మీదున్న ఇతర కంపెనీలు కూడా నష్టపోయి ఒత్తిడి పెట్టడంతో 15 బిట్‌కాయిన్లు కట్టారు. దాడి ఆగలేదు. కట్టడం తప్పని వాళ్ళే తర్వాత బాహాటంగా చెప్పుకున్నారు. దానికి ముందు ఏడాది మీటప్ అనే సైటుని అడిగింది 300 డాలర్లే. వాళ్ళు కట్టలేదు, రోజుల తరబడి సైటు లేస్తూ పడుతూ ఉంది, అయినా కట్టలేదు. ఇంత తక్కువ అడగడమే ఎర అని, లొంగే రకమా కాదా అని చూస్తున్నారని వాళ్ళ అనుమానం. నాకు అది సరైన లెక్కేననిపిస్తుంది.

అరండల్‌పేట ఆయన రెండోసారి కట్టలేదు. టెస్టుని బుధవారానికి మార్చాం. తల్లిదండ్రులందరికీ ఉన్నదున్నట్టు మెసేజ్ పెట్టాం. సైటుని సీడీఎన్ వెనక్కి మార్చాం. ఆరోజు నా పొరపాటు ఒకటుంది, అది కింద చెబుతాను.

కట్టకుండా మూడు రోజులు సైటు లేకపోతే వ్యాపారం ఏం కావాలి?

గంటకి నిజంగా ఎంత పోతుందో కాగితం మీద వేయండి. భయంలో అనుకున్న అంకె కన్నా అది చాలావరకు తక్కువే ఉంటుంది. గుంటూరులో పచ్చళ్ళు పంపే ఒక అమ్మగారి సైటు రెండు రోజులు పడిపోయింది. ఆ రెండు రోజులూ వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకున్నారు, పేర్లన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నారు. పాత కస్టమర్లు ఎక్కడికీ పోలేదు.

నష్టం ఉండదని అనను. 2020 ఆగస్టులో న్యూజిలాండ్ స్టాక్ ఎక్స్‌ఛేంజే వరసగా నాలుగు రోజులు ట్రేడింగు ఆపాల్సి వచ్చింది. కానీ వ్యాపారాన్ని నిజంగా చంపేది వేరే ఉంది. 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే కంపెనీ మీద డీడాస్ జరుగుతుండగానే దుండగుడు వాళ్ళ క్లౌడ్ కంట్రోల్ ప్యానెల్‌లోకి చొరబడి ఉన్నాడు. డబ్బడిగాడు. వాళ్ళు పాస్‌వర్డ్‌లు మార్చబోతే, ముందే చేసి పెట్టుకున్న వేరే లాగిన్లతో వచ్చి సర్వర్లు, బ్యాకప్‌లు చాలావరకు చెరిపేశాడు. 12 గంటల్లో కంపెనీ మూతపడింది. బ్యాకప్‌లు కూడా అదే ప్యానెల్ కింద ఉండటం వల్ల వచ్చిన చేటది. మీ బ్యాకప్ ఒకటి వేరే కంపెనీలో, వేరే పాస్‌వర్డ్‌తో ఉండాలి. క్లౌడ్ ఖాతాకీ, డొమైన్ ఖాతాకీ రెండో మెట్టు ఓటీపీ ఉండాలి. మీరు ఇంకేం చేయకపోయినా ఈ రెండూ చేయండి.

ఇప్పుడే, ఈ క్షణమే దాడి జరుగుతోంది. ఏం చేయాలి?

టైము రాసుకోండి. స్క్రీన్‌షాట్లు తీయండి. సర్వర్‌ని పదేపదే రీస్టార్ట్ చేయకండి, దానివల్ల ఒరిగేదేం లేదు, కొన్ని ఆధారాలు పోతాయి. లాగ్‌లు వేరేచోటికి కాపీ చేయించండి.

తర్వాత హోస్టింగ్ వాళ్ళకి ఫోన్. టికెట్ పెట్టి కూర్చోకండి, ఫోనే చేయండి. మూడు అడగండి: ఎంత ట్రాఫిక్ వస్తోంది, ఏ రకం, మా ఐపీని నల్ రూట్‌లో పెట్టారా? నల్ రూట్ అంటే మీ అడ్రసుకి వచ్చేదంతా, మంచీ చెడూ చూడకుండా పారేయడం. అదే మెషీన్ల మీదున్న మిగతా కస్టమర్లని కాపాడుకోవడానికి చేస్తారు. వాళ్ళమీద అరవకండి, ఆ గంటలో వాళ్ళ సాయం మీకు చాలా అవసరం. కొత్త ఐపీ ఇవ్వగలరేమో అడగండి.

సీడీఎన్ ఉంటే అందులో దాడి సమయంలో వాడే మోడ్ ఆన్ చేయండి. సైటులో సెర్చ్ ఆపేయండి. రిపోర్టులూ, ఫిల్టర్లూ ఆపేయండి. ఫోన్ నంబరు, వాట్సాప్ నంబరు ఉన్న ఒక సాదా పేజీ పెట్టండి. దేశాలని బ్లాక్ చేయడం మంచి ఉపాయమే, కానీ ఆలోచించి చేయండి. బెజవాడ సిటీలోనే డెలివరీ ఇచ్చేవాళ్ళయితే ఇండియా తప్ప అన్నీ ఆపినా పర్లేదు. పచ్చళ్ళ సైటు అయితే అమెరికాని ఆపేశారంటే సగం ఆర్డర్లు మీ చేత్తో మీరే ఆపినట్టు. డల్లాస్‌లో ఉన్న కూతురు కోసం ఇక్కడ ఆవకాయ కలిపే ఇళ్ళు ఎన్ని లేవు!

ఇదంతా జరుగుతుండగా ఒకరు అడ్మిన్ లాగిన్లు చూస్తూ ఉండాలి. గుమ్మం దగ్గర గొడవ పెట్టి పెరటి గుండా వచ్చే దొంగలుంటారు.

సీడీఎన్ వెనక పెట్టాక కూడా పడిపోయింది. ఎందుకని?

నా పొరపాటు ఇక్కడే. అరండల్‌పేట సైటుని మార్చి ఊపిరి పీల్చుకున్న గంటకే మళ్ళీ పడిపోయింది. మెయిల్ కోసం ఉన్న సబ్‌డొమైన్ ఇంకా పాత సర్వర్‌నే చూపిస్తోంది. అంటే అసలు ఐపీ అందరికీ కనబడుతూనే ఉంది, వాడు సీడీఎన్ జోలికి పోకుండా నేరుగా ఇంటికొచ్చాడు. అప్పటినుంచి నా క్రమం ఇది: సీడీఎన్ పెట్టాక ఐపీ మార్చడం, మెయిల్‌ని వేరే చోటికి పంపడం, పాత డీఎన్ఎస్ రికార్డులన్నీ ఒక్కొక్కటీ చూడటం, చివరికి సీడీఎన్ అడ్రసుల నుంచి తప్ప ఇంకెక్కడినుంచీ కనెక్షన్ తీసుకోవద్దని సర్వర్‌కి చెప్పడం. ఆ చివరిది చేయకపోతే ముందు చేసినవన్నీ వృథా.

ఇంకో కారణం, పేజీలు క్యాష్ కాకపోవడం. సీడీఎన్ తన దగ్గర కాపీ లేని ప్రతి పేజీ కోసం మీ సర్వర్‌నే అడుగుతుంది. లాగిన్‌కి, సెర్చ్‌కి, ఓటీపీ పంపే చోటుకి రేట్ లిమిట్, అంటే ఒకరు ఇంత టైములో ఇన్నిసార్లే అడగాలన్న హద్దు, పెట్టండి. ఓటీపీని మరీ ముఖ్యంగా. అక్కడ దాడి జరిగితే సైటు పడకపోయినా ఎస్ఎంఎస్ బిల్లు పడుతుంది.

సాఫ్ట్‌వేరు పాతబడటం మూడోది. 2023లో హెచ్‌టీటీపీ2లో, అంటే బ్రౌజరు, సర్వరు మాట్లాడుకునే పద్ధతిలో, ఒక లోపం వాడుకున్నారు. రిక్వెస్టు తెరవడం, వెంటనే రద్దు చేయడం, మళ్ళీ తెరవడం. ఒక్కో దాడిలో సెకనుకి 39.8 కోట్ల రిక్వెస్టుల దాకా చూశామని గూగుల్ చెప్పింది. వెబ్ సర్వర్ల తయారీదారులు దానికి సవరణలు ఇచ్చారు. అవి వేసుకోని సర్వర్లు ఇంకా నాకు కనిపిస్తూనే ఉన్నాయి.

రక్షణకి ఎంతవుతుంది?

చిన్న సైటుకి మొదలుపెట్టడానికి డబ్బే అక్కర్లేదు. క్లౌడ్‌ఫ్లేర్ 2017 నుంచి ఉచిత ప్లానుకి కూడా దాడి ఎంత పెద్దదైనా అదనంగా వసూలు చేయడం లేదు. వార్తా సైట్లయితే గూగుల్ వాళ్ళ ప్రాజెక్ట్ షీల్డ్‌కి, స్వచ్ఛంద సంస్థలయితే క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళ ప్రాజెక్ట్ గెలీలియోకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, రెండూ ఉచితం.

భయపడాల్సిన ఖర్చు క్లౌడ్‌లో ఉంది. ట్రాఫిక్ పెరిగితే సర్వర్లు వాటంతటవే పెరిగేలా పెట్టుకుని, పై హద్దు పెట్టకపోతే సైటు నిలబడుతుంది గానీ నెలాఖరు బిల్లు చూసి మీరు కూలబడతారు. హద్దు పెట్టండి, బిల్లు అలర్టు పెట్టండి.

పోలీసులకి చెప్పాలా? చెప్తే ఉపయోగం ఉంటుందా?

చెప్పాలి. ఐటీ చట్టం సెక్షన్ 43 ప్రకారం కంప్యూటర్ సేవకి అడ్డుపడటం, హక్కున్నవాళ్ళని వాడుకోనివ్వకపోవడం తప్పు. మోసపు ఉద్దేశంతో చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 కిందకి వస్తుంది, దానికి ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, మీ ఊరి సైబర్ పోలీసుల దగ్గరకి వెళ్ళొచ్చు. డబ్బు ఇప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం డీడాస్‌లాంటి ఘటనని తెలిసిన 6 గంటల్లోగా వాళ్ళకి తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. మన హోస్టింగ్ ప్లానుల్లో లాగ్‌లు వారానికే చెరిగిపోయేలా ఉంటాయి. మార్పించుకోండి.

పట్టుకుంటారా అంటే, ప్రతిసారీ పట్టుకుంటారని నేను మాటివ్వలేను. కానీ 2014, 2015లో ఎన్నో దేశాల కంపెనీలని ఇలాగే బెదిరించిన డీడీ4బీసీ ముఠా మీద బాధితులిచ్చిన సమాచారం పలు దేశాల పోలీసుల దగ్గర పోగుపడింది. 2015 డిసెంబరులో బోస్నియాలో ముఖ్యుడిని పట్టుకున్నారు. ఒక్కొక్కరూ నోరు మూసుకుని ఉంటే ఆ చుక్కలు ఎవరూ కలపలేకపోయేవారు.

మాకూ ఎవరు చేశారో తెలుసు. వాళ్ళ సైటు మీద మేమూ చేయిస్తే?

వద్దు. అదే సెక్షను మీకూ వర్తిస్తుంది. అలాంటి పని నేను చేయను, చేసేవాళ్ళ పేర్లూ చెప్పను.

కస్టమర్లకి చెబితే పరువు పోదా?

ఇన్నేళ్ళలో చెప్పినందుకు కస్టమర్లని పోగొట్టుకున్నవాళ్ళని నేను చూడలేదు. చెప్పనందుకు పోగొట్టుకున్నవాళ్ళని చూశాను. ఫోన్ ఎత్తకపోతే, "ఇవాళ రేపు వస్తుంది" అని దాటేస్తే, డబ్బు తీసుకుని షాపు ఎత్తేశారేమోనని జనం అనుకుంటారు. ఆ అనుమానం ముందు దాడి ఏపాటిది?

మా సైటుకి జనం రాకుండా ఎవరో అడ్డుపడుతున్నారు, మీ వివరాలు, మీ డబ్బు భద్రంగా ఉన్నాయి, టెస్టు బుధవారం సాయంత్రం 6కి, ఏదైనా అనుమానముంటే ఈ నంబరుకి చేయండి. ఆరోజు తల్లిదండ్రులకి మేం పంపింది ఇంతే. డేటా భద్రమని మాత్రం లాగిన్లు చూసి నిర్ధారించుకున్నాకే రాయండి. సాయంత్రానికి ఆయనకి ముప్పైకి పైగా ఫోన్లొచ్చాయి. సత్తెనపల్లి నుంచి ఒక తండ్రి ఫీజు సంగతి అడుగుతాడనుకుని ఆయన భయపడుతూ ఎత్తారు. "పాపం, మీకెంత కష్టమొచ్చిందండీ, మా అబ్బాయి ఈ మూడు రోజులూ చదువుకుంటాడు లెండి" అన్నాడట.

అదే వీధిలో ఇంకో కోచింగ్ వాళ్ళకీ నెల ముందు అదే మెయిల్ వచ్చిందని మాకు అప్పుడే తెలిసింది. వాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఈయన అరవై వేలు మిగిలేవి.

సీజనుకి ముందు ఏం సిద్ధం చేసుకోవాలి?

పచ్చళ్ళ వాళ్ళకి సీజను వేసవి, బట్టల వాళ్ళకి దసరా నుంచి సంక్రాంతి, కోచింగ్ వాళ్ళకి పరీక్షల ముందు రెండు నెలలు. దానికి నెలముందు ఒక ఆదివారం తెల్లవారుజామున కూర్చుని రిహార్సల్ చేయండి. సైటుని సాదా పేజీకి మార్చడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూడండి. బ్యాకప్‌లోంచి సైటుని నిజంగా లేపి చూడండి, ఉందనుకోవడం వేరు, లేవడం వేరు. డొమైన్ ఖాతా ఎవరి మెయిల్ మీద ఉందో చూడండి. ఎప్పుడో మానేసిన కుర్రాడి మెయిల్ మీద ఉన్నవి నేను ఎన్నో చూశాను.

నంబర్లన్నీ కాగితం మీద రాసి పెట్టుకోండి, ఎందుకంటే ఆరోజు మెయిలూ తెరుచుకోకపోవచ్చు. హోస్టింగ్ కస్టమర్ ఐడీ, డొమైన్ కంపెనీ, సీడీఎన్ లాగిన్ ఎవరి దగ్గరుందో, సైబర్ పోలీసుల నంబరు, కస్టమర్లకి పంపాల్సిన మెసేజ్ ముందే రాసిపెట్టినది. అరండల్‌పేట ఆయన ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి తన కుర్చీ వెనక గోడకి అంటించారు. మొదటి వరసలో హోస్టింగ్ వాళ్ళ నంబరు, రెండో వరసలో నాది, మూడో వరసలో అదే వీధిలోని ఆ రెండో కోచింగ్ వాళ్ళది.